ఎనిమిదికి బదులు అయిదు

సూర్యాపేట పాత బస్టాండు వెనక సందులో, ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్తే శ్రీవాణి టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాన్ని నడిపింది అనురాధ. ఆమె తండ్రి మున్సిఫ్ కోర్టులో టైపిస్టుగా చేసి, పోయేటప్పుడు మూడు మిషన్లు వదిలి వెళ్ళాడు. ఆమె వాటిని పదకొండు చేసింది. పొద్దున ఆరింటి నుంచి గంటకొక బ్యాచు. నేను అక్కడే టైపు లోయరు పరీక్ష పాసయ్యాను, రెండో ప్రయత్నంలో. ఇప్పటికీ ఎదురుపడితే మేడం అనే అంటాను. రాసేటప్పుడు మాత్రం పేరు రాస్తున్నాను.

అనురాధ ఎవరినీ తిట్టేది కాదు. మిషను మీద మా చేతులు పెట్టాక వాటి మీద ఒక తువ్వాలు కప్పేది. అక్షరాలు చూడకుండా కొట్టాలి, పది వేళ్ళూ వాడాలి, అంతే. పేజీ పూర్తయ్యాక ఎర్ర పెన్నుతో తప్పుల చుట్టూ సున్నాలు చుట్టి, అడుగున మొత్తం ఎన్నో వేసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేది. ఆమె తప్పు కొట్టగా మాలో ఎవరూ చూడలేదు. చూడాలని కొందరు ప్రయత్నించారు కూడా.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి బ్యాచులు పల్చబడ్డాయి. ఆఫీసుల్లో మిషన్ల మీద గుడ్డ కప్పి మూలకు జరుపుతున్నారని, వాటి చోట కంప్యూటర్లు వస్తున్నాయని తెలిసింది. చివరికి తొమ్మిది మంది మిగిలారు. అందులో ఇద్దరు ఫ్యాను కోసం వచ్చేవాళ్ళు. అనురాధ హైదరాబాదు వెళ్ళి ఒక దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చుని కీబోర్డు చూసింది. అక్షరాలన్నీ మిషను మీద ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. ఆమె కంప్యూటర్ శిక్షణ అక్కడితో పూర్తయింది.

ఆమె భర్త శ్రీనివాస్ ఆర్టీసీలో కండక్టరు. ఆ రోజు అతనికి హైదరాబాదు డ్యూటీ పడేలా చూసుకుని, కంప్యూటరును అతని బస్సులోనే తెచ్చారు. మానిటరును కండక్టరు సీట్లో కూర్చోబెట్టి అతను సూర్యాపేట దాకా నిలబడి వచ్చాడు. చెకింగ్ వాళ్ళు ఎక్కితే మాట రాకూడదని దానికి లగేజీ టికెట్ కూడా కొట్టాడు. డబ్బులు భార్య దగ్గర తీసుకున్నాడు.

కొత్తలో ఒక్క ఇబ్బంది వచ్చింది. పాత మిషన్ల మీద ఒకటి అంకెకు వేరే కీ ఉండదు, ఇంగ్లీషు చిన్న ఎల్ కొట్టి ఒకటి అనుకుంటారు. అనురాధ కంప్యూటరు మీద కూడా అలాగే కొట్టేది. ఫలితాలు చూడటానికి ఒకటి ఉన్న ఏ హాల్‌టికెట్ నంబరు కొట్టినా అలాంటి నంబరు లేదని వచ్చేది. మూడు రోజులకు సంగతి తెలిసింది. ఆ తర్వాత కీబోర్డు కుడి పక్కన అంకెలకంటూ ఒక చిన్న గడి వేరుగా ఉందని, దాని మీద అంకెలు గబగబా పడతాయని గమనించి దానికి అలవాటు పడింది. ఆ గడి మిషన్ల మీద లేనిది. దాని మీద ఆమె ఎప్పుడూ తువ్వాలు కప్పుకుని నేర్చుకోలేదు.

కింద జిరాక్సు షాపు యుగంధర్‌ది. అతనిదీ ఆమెదీ ఒకటే టెలిఫోన్ లైను. ఇంటర్నెట్ ఆ లైను మీదే రావాలి. కింద యుగంధర్ రిసీవరు ఎత్తితే పైన లైను తెగేది. మళ్ళీ కలవడానికి కంప్యూటరు ఎంతోసేపు కీచుమని అరిచేది. ఫలితాల రోజుల్లో అనురాధ అతని ఫోను వైరుతో సహా ఊడబెరికి, తన సంచిలో వేసుకుని పైకి తెచ్చుకునేది. యుగంధర్ పక్క షాపుకు వెళ్ళి మాట్లాడుకునేవాడు.

రెండువేల మూడులో పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున మెట్ల మీద, సందులో, బస్టాండు గోడ దాకా జనం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లలూ, వాళ్ళ వెంట పెద్దవాళ్ళూ వచ్చారు. ఒక్కొక్కరు హాల్‌టికెట్ ఇస్తే అనురాధ నంబరు, పేరు, ఊరు రిజిస్టరులో రాసుకుని, నంబరు కొట్టి, ప్రింటు తీసి ఇచ్చేది. కోర్టు టైపిస్టు కూతురు కాబట్టి కార్బన్ పెట్టి రెండో కాపీ తన దగ్గర ఉంచుకునేది. దాన్ని ఆఫీసు కాపీ అనేది. ఆఫీసు ఏదని ఎవరూ అడగలేదు.

పరీక్ష తప్పినవాళ్ళకు ఫెయిల్ అనే మాట ఆమె వాడేది కాదు. సప్లిమెంటరీ రాసుకోవచ్చు అనేది. మధ్యాహ్నం రెండున్నరకు మునగాల అవతల సీత్లా తండా నుంచి సేవ్యా అనే ఆయన తన కూతురు నీలాను తీసుకుని వచ్చాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చినవాళ్ళు అంతకుముందు లేరు. అనురాధ నంబరు కొట్టింది. ఆమె వాడే సైటులో నంబరూ మార్కులూ వస్తాయి తప్ప పేరు రాదు. రెండు సబ్జెక్టులు ఉండిపోయాయి, సప్లిమెంటరీ రాసుకోవచ్చు అంది.

"అంటె తప్పినట్టేనా?" అని సేవ్యా అడిగాడు.

ఆమె అవునంది. నీలా కాగితం తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇది నాదేనా, మేడం?"

"నీదే," అంది అనురాధ. వెనక ఇంకా యాభై మంది ఉన్నారు.

తండ్రీ కూతురూ దిగి వెళ్ళారు. సందు చివర సేవ్యా కూతురికి నిమ్మసోడా ఇప్పించాడట. ఆ పిల్ల తాగకపోతే తనే తాగాడట. ఇది యుగంధర్ తర్వాత చెప్పాడు.

సాయంత్రం షట్టరు సగం దించి, అనురాధ రిజిస్టరునూ ఆఫీసు కాపీలనూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంది. ఆమె ఏది టైపు చేసినా అలా సరిచూడకుండా ఇంటికి వెళ్ళదు. నూట ఎనభై ఆరు మంది. నూట ముప్పై ఒకటో పేరు దగ్గర ఆగింది. రిజిస్టరులో నంబరు చివర నాలుగు ఒకటి ఎనిమిది ఏడు. కాపీలో నాలుగు ఒకటి అయిదు ఏడు. కీబోర్డు పక్కనున్న ఆ చిన్న గడిలో ఎనిమిది కిందే అయిదు ఉంటుంది. వేలు ఒక వరుస దిగింది.

అసలు నంబరు కొట్టింది. మూడు వందల తొంభై ఏడు మార్కులు. ఫస్ట్ క్లాసు.

మిగతా యాభై అయిదు కాపీలూ చూసింది. వాటిలో తప్పు లేదు. అప్పుడు మళ్ళీ నూట ముప్పై ఒకటికి వచ్చి, ఎర్ర పెన్ను తీసి, కాపీలో అయిదు చుట్టూ సున్నా చుట్టింది. అడుగున ఒకటి అని వేసింది.

ఫోను కోసం పైకి వచ్చిన యుగంధర్‌కు సంగతి చెప్పింది. అతను ఆమెను అక్కా అంటాడు.

"పరేషాన్ ఎందుకక్కా? లైను సక్కగ లేక తప్పు సూపెట్టిందని చెప్తే ఖతం. కంప్యూటర్‌ను పోయి ఎవరడుగుతరు?"

"నేను ఏది కొడితే గదే చూపెట్టింది," అంది అనురాధ.

పొద్దున మొదటి బస్సుకు బయలుదేరింది. సంచిలో కొత్త ప్రింటు, ఒక గొడుగు, అన్నం డబ్బా. ఆ రోజు పేపర్లో పాసైన నంబర్లన్నీ చీమతలకాయంత అక్షరాలతో వేశారు. బస్సులో పేపరు కొని ముందు జిల్లా పేజీ తెరిచి, పైనుంచి కిందికి చదివింది. ఫలితాలు వచ్చిన మర్నాడు ఆ పేజీలో ఎలాంటి వార్తలు ఉంటాయో ఆమెకు తెలుసు. తమ వైపు ఊళ్ళ పేర్లు ఏవీ కనిపించలేదు. అప్పుడు నంబర్ల పేజీకి వెళ్ళి నీలా నంబరు వెతికింది. ఉంది. ఇది నాదేనా అని అడిగితే నీదే అన్న మాట మునగాల దాకా ఆమె చెవిలోనే ఉంది. రిజిస్టరు ఆ పిల్ల మోచేతి దగ్గరే ఉండింది. ఒక్కసారి తల తిప్పి చూస్తే సరిపోయేది.

మునగాలలో దిగి నడిచి తండా చేరేసరికి ఎనిమిది దాటింది. సేవ్యా ఇంటికి తాళం. పక్కింటి ముసలామె వాకిట్లో కూర్చుని ఉంది. పిల్ల తప్పింది కాబట్టి ఇక చదువు లేదని, తెల్లారకముందే అందరూ మిర్యాలగూడ రైసుమిల్లు పనికి వెళ్ళారని చెప్పింది. ఏ మిల్లో తెలియదంది. పిల్ల ఎట్లుందని అనురాధ అడిగింది.

"ఏడ్వలేదమ్మా. పుస్తకాలు సంచిల గట్టి దూలానికి యాలాడగట్టింది, ఎలుకలు కొడ్తయని."

అనురాధ ఆ మాటకు అరుగు మీద కాసేపు కూర్చుంది. తర్వాత లేచి మళ్ళీ మెయిన్ రోడ్డు దాకా నడిచి కోదాడ బస్సెక్కింది. కోదాడ బస్టాండులో కంట్రోలరు శ్రీనివాస్‌కు తెలిసినవాడే. మూటలూ వంట గిన్నెలూ పట్టుకుని రెండు కుటుంబాలు మొదటి బండికి మిర్యాలగూడ వెళ్ళాయని అతను గుర్తు తెచ్చుకున్నాడు. "ఇప్పుడే ఒకటి వెళ్ళిపోయిందండీ. ఇంకో గంటకుంటది," అన్నాడు. ఆ గంటలో ఆమె అన్నం తిని డబ్బా కడుక్కుంది. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ చేరేసరికి ఒంటిగంట అయింది.

మిర్యాలగూడలో మిల్లు ఎక్కడని అడిగితే ఏ వైపుకైనా చెయ్యి చూపిస్తారు. అనురాధ ఊరి చివర రోడ్డు పట్టుకుని ఒక్కో గేటు దగ్గరా ఆగింది. కళ్ళద్దాలు, నేత చీర, చేతిలో గొడుగు, సంచిలోంచి కనిపిస్తున్న కాగితాలు. పదిహేనేళ్ళ ఆడపిల్ల ఎవరైనా పనిలో ఉందా అని ఆమె అడిగేది. దాంతో మొదటి మిల్లులో వాచ్‌మన్ గేటు వేసేశాడు. రెండో మిల్లులో మేనేజరు కుర్చీ వేయించి, కూల్‌డ్రింకు తెప్పించి, తమ దగ్గర పద్దెనిమిది దాటనివాళ్ళు ఒక్కరు కూడా లేరని, ఉన్నా చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళని చెప్పాడు. ఆమె తాను ఏ ఆఫీసు నుంచీ రాలేదంది. అలా అనేవాళ్ళే పెద్ద ఆఫీసు నుంచి వస్తారని ఆయన అనుభవం. ఇంకో కూల్‌డ్రింకు తాగమన్నాడు. ఎనిమిది మిల్లులు తిరిగేసరికి ఆమె నాలుగు కూల్‌డ్రింకులు తాగింది.

తొమ్మిదో మిల్లులో ఎవరూ ఆపలేదు. వాచ్‌మన్ లేడు. లోపల సిమెంటు కళ్లంలో ఉడికిన వడ్లు ఆరబోసి ఉన్నాయి. పులిసిన వాసన. నలుగురు ఆడవాళ్ళు తలకు గుడ్డ కట్టుకుని, వడ్లలో కాళ్ళు ఈడుస్తూ సాళ్ళు తీస్తున్నారు. నాలుగో మనిషి నీలా.

ఆ పిల్ల ఆమెను చూసి ఆగింది, దగ్గరికి రాలేదు. అవతలి ఆమె వాళ్ళ భాషలో ఏదో కేకేస్తే, బాయిలరు దగ్గర్నుంచి సేవ్యా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇంత దూరం ఎందుకొచ్చినట్టు అన్నట్టుగా చూశాడు. అనురాధ బస్సులో అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ వదిలేసింది.

"నిన్న తప్పింది నేను. పిల్ల కాదు," అంది. "ఎనిమిది కొట్టే కాడ అయిదు కొట్టిన. మీ పిల్ల ఫస్ట్ క్లాసుల పాసైంది."

కాగితం తీసి ఇచ్చింది. సేవ్యా దాన్ని తీసుకుని, మడిచి జేబులో ఉన్న నిన్నటి కాగితాన్ని కూడా తీసి, రెండూ పక్కపక్కన పట్టుకున్నాడు. ఆయనకు చదువు రాదు. రెండూ ఒకేలా ఉన్నాయి.

"నిన్నటిది గూడ కంప్యూటర్ల నుంచి వచ్చిన కాయితమే. ఇయ్యాలది గూడ గదే. నేను దేన్ని నమ్మాలె?"

ఆమె పేపరు తీసి నంబరు చూపించింది.

"పేపర్ల గూడ ఎవరో ఒకరు కొట్టిందే గద, మేడం."

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. పదిహేడేళ్ళుగా అనురాధ పిల్లల తప్పులు లెక్కపెట్టింది. తన లెక్క సరైందేనా అని ఎవరూ అడగలేదు. ఊళ్ళో ఇంటర్నెట్ సెంటరు ఎక్కడైనా ఉంటుంది, అక్కడికి వెళ్దాం, ఈసారి నేను ముట్టుకోను, మీ పిల్లే కొడుతుంది అంది. సేవ్యా మేస్త్రీని గంట అడిగాడు. అతను కూడా అనురాధను ఆఫీసరే అనుకుని రెండు గంటలు ఇచ్చాడు.

స్టేషన్ రోడ్డులో వినోద్ అనే ఆయన సెంటరు దొరికింది. రెండు కంప్యూటర్లు, ఒకటి పాడైంది. నీలా కాళ్ళకు వడ్ల పొట్టు అంటుకుని ఉంది. బయటే కడుక్కుని వచ్చింది. వినోద్ నంబరు చెప్పండి కొడతాను అన్నాడు. అనురాధ వద్దంది. నీలా కుర్చీలో కూర్చుని, కీబోర్డును ముట్టుకోకుండా కొంతసేపు చూసింది. లైను కలవడానికి టైము పట్టేలా ఉంది.

"మేడం, గీ అచ్చరాలు వరుసకు ఎందుకు లేవు? ఏ పక్కన బీ ఉండాలె గద."

అనురాధ కీబోర్డు వైపు చూసింది. అంతమందికి నేర్పింది, ఎవరూ అడగలేదు.

"నాకు తెల్వదు," అంది. "ఎప్పుడు అడగాలని గూడ తోచలేదు."

లైను కలిసింది. నీలా హాల్‌టికెట్ పక్కన పెట్టుకుని, చూపుడు వేలితో ఒక్కో అంకె వెతికి, నొక్కి, తెర మీద పడిందో లేదో చూసి, ఇంకోటి వెతికింది. అనురాధ చేతులు రెండూ సంచి కింద పెట్టుకుని కూర్చుంది. అంత నెమ్మదిగా కొట్టడం ఆమె అంతవరకు భరించలేదు. ఆ రోజు భరించింది. మూడు వందల తొంభై ఏడు వచ్చింది. నీలా అంకెలు చదివి తండ్రికి వాళ్ళ భాషలో చెప్పింది. సేవ్యా మళ్ళీ కొట్టమన్నాడు. కొట్టింది. ఇంకోసారి అన్నాడు. మూడోసారీ అదే వచ్చింది.

"గీ సారును గూడ ఒకపారి కొట్టమను. ఆయనకు మనతోని పనిలేదు."

వినోద్ కొట్టాడు. అదే. సేవ్యా అప్పుడు నిన్నటి కాగితాన్ని మళ్ళీ తీశాడు.

"మరి గిది ఎవరిది?"

అనురాధకు ఆ ఆలోచన అప్పటిదాకా రాలేదు. నాలుగు ఒకటి అయిదు ఏడు. ఎక్కడో ఎవరో ఒక పిల్లో పిల్లవాడో, రెండు సబ్జెక్టులు.

"వాళ్ళకు చెప్పిన్రో లేదో," అంది నీలా.

సేవ్యా ఆ కాగితాన్ని చింపలేదు. మడిచి జేబులోనే పెట్టుకున్నాడు. అనురాధను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమె మాతో అనేది. వానలు పడేదాకా మేస్త్రీకి మాటిచ్చామని, పడ్డాక పిల్లను తానే సూర్యాపేటకు తీసుకొస్తానని చెప్పాడు. కాలేజీలో చేరే గడువు అప్పటికి అయిపోతుందని అనురాధ అంది. అయితే ముందే తెస్తానన్నాడు. ఆమె నమ్మింది, కానీ పూర్తిగా కాదు. ఇంటికి చేరాక శ్రీనివాస్ ఎన్ని మిల్లులు తిరిగావని అడిగి, ఫోను చేస్తే డిపో నుంచి కనుక్కునేవాణ్ణి కదా అన్నాడు. ఫలితాల సాయంత్రం ఇవ్వడం మరిచిన షాపు ఫోను ఇంకా తన సంచిలోనే పడి ఉందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. యుగంధర్ పాపం రెండు రోజులుగా పక్క షాపులో మాట్లాడుతున్నాడు.

జూన్ మూడో వారంలో సేవ్యా వచ్చాడు. భుజాన పుస్తకాల సంచి, వెనక నీలా. ప్రభుత్వ కాలేజీలో చేర్చి, అమ్మాయిల హాస్టల్లో పెట్టారు. సాయంత్రాలు నీలా శ్రీవాణికి వచ్చేది. తువ్వాలు కప్పితే మొదటి వారం ఊరికే కూర్చుంది. రెండో వారం నుంచి కొట్టడం మొదలుపెట్టింది. అక్షరాలు వరుసగా ఎందుకు లేవో అనురాధ ఇంటర్నెట్‌లో వెతికింది. నాలుగు చోట్ల నాలుగు కారణాలు రాసి ఉన్నాయి. నాలుగూ చెప్పింది. మీకు ఏది నిజమనిపిస్తుందని నీలా అడిగింది. మొదటిరోజే తెలియదని చెప్పాను కదా అంది అనురాధ.

కథ ఇక్కణ్ణుంచి సాఫీగా సాగిందని చెప్పాలని ఉంది. నీలా ఇంటర్ రెండో సంవత్సరంలో ఫిజిక్స్ తప్పింది. ఫలితాల రోజు తనే నంబరు కొట్టుకుంది, పది వేళ్ళతో, కీబోర్డు చూడకుండా. అనురాధ లేచి వచ్చి ఇంకోసారి కొట్టమంది. కొట్టింది. మళ్ళీ కొట్టమంది.

"చాలు, మేడం. ఈసారి నేనే తప్పిన."

అనురాధ మాత్రం ఆ నంబరు మధ్యాహ్నం దాకా అప్పుడప్పుడు కొట్టి చూస్తూనే ఉంది. నీలా సప్లిమెంటరీ రాసి పాసై, తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసింది. కోదాడ దగ్గర ఒక మండల ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా కాంట్రాక్టు మీద చేరింది. ఏడాదికోసారి కాంట్రాక్టు అయిపోతుంది, ఏడాదికోసారి పొడిగిస్తారు. పద్నాలుగేళ్ళయింది. అక్కడ పది వేళ్ళతో కొట్టేది ఆమె ఒక్కతే. కొత్తగా బదిలీ మీద వచ్చిన అధికారులు మొదటి రోజు ఆమె వెనక నిలబడి చూస్తారట.

శ్రీవాణిలో మధ్యలో కొన్నాళ్ళు కుర్రాళ్ళు చాటింగు కోసం వచ్చేవాళ్ళు. మిగతా సెంటర్లలో అడ్డంగా చెక్కలు, తెరలు ఉండేవి. అనురాధ అవి పెట్టలేదు. ప్రేమగా ఏదో కొట్టుకుంటున్న కుర్రాడి వెనక నిలబడి, చూపుడు వేలు ఎఫ్ మీద ఉండాలి బాబూ అనేది. కొన్నాళ్ళకు వాళ్ళు వేరే సెంటర్లకు పోయారు. తర్వాత ఫోన్లు వచ్చాయి. ఫలితాలు ఎవరి ఫోనులో వాళ్ళకే వస్తున్నాయి. జనం రెండు బొటనవేళ్ళతో కొట్టడం చూసినప్పుడల్లా, మిగతా ఎనిమిది వేళ్ళు ఏం చేస్తున్నాయని ఆమె లోపల అనుకుంటుందని నా అనుమానం. మిషన్లు పది అమ్మేసింది. శ్రీనివాస్ రిటైరై రోజంతా ఫోనులో పాత బస్సుల వీడియోలు చూస్తుంటాడు. సెంటరు మాత్రం ఉంది. దరఖాస్తులు నింపడం, ఫోటోలు సైజు తగ్గించడం, పెద్దవాళ్ళ పింఛన్లవీ భూములవీ కాగితాలు చూడటం.

పోయిన ఏడాది నేను అక్కడ కూర్చుని ఉండగా సేవ్యా వచ్చాడు. డెబ్బై దాటాయి. రైతుల పథకానికి ఈకేవైసీ చేయాలి. అనురాధ, మీ బిడ్డ ఆఫీసులోనే ఉంది కదా, ఇంత దూరం ఎందుకు అని అడిగింది.

"మా పిల్ల తప్పు జేస్తె సర్వర్ అంటది," అన్నాడు సేవ్యా. "మీరు అనరు."

అనురాధ తెర వైపు చూసింది, మళ్ళీ ఆయన వైపు చూసింది.

"ఇప్పుడు నిజంగనే సర్వర్ లేదు."

"మీరంటె నిజమే అయితది," అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

టీ తెప్పించింది. ఆయన తాగి, గోడకు తల ఆనించి నిద్రపోయాడు. మేము ఎండ గురించి, శ్రీనివాస్ మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. మూడున్నరకు సర్వర్ వచ్చింది. ఆయన్ని లేపి, వేలు పెట్టించింది. మిల్లులో అరిగిన వేళ్ళు, మిషను గుర్తుపట్టలేదు. నాలుగు వేళ్ళు మార్చి చూసి, చివరికి కంటి మిషను తెచ్చి పెట్టింది. కదలకుండా చూడమంటే ఆయన ఊపిరి కూడా బిగపట్టాడు. అయిపోయిందని ఆమె చెప్పాక వదిలాడు.

మళ్ళీ ఎప్పుడు రావాలని అడిగాడు. చెప్పలేమని, పిలిస్తే రావాలని ఆమె చెప్పింది. సరేనని, కర్ర తీసుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి మునగాల బస్సుకు వెళ్ళాడు.